సూది పడని పిల్ల

ఆ పొద్దున ఆకాశం నిండా ఏకిన దూదిలా మబ్బు పరుచుకుని ఉంది. వాన తెచ్చే మబ్బు కాదు. వానకాలం ముగిశాక ఎటు పోవాలో తోచక తిరుగాడే తెల్లటి, తేలికపాటి మబ్బు. పద్మాక్షి గుట్ట నెత్తిన అది కొంచెం చిరిగింది. ఆ చిరుగులోంచి జారిన ఎండ, హనుమకొండ రోడ్ల మీద మిగిలిన నిన్నటి దసరాను చూపించింది. తొక్కుడుపడ్డ బంతిపూలు, వాడిన జమ్మి ఆకు, నడిబజారులో పగిలిన గుమ్మడికాయలు, వాటిని మూతులతో కుమ్ముతూ రెండు ఆవులు.

అరుణ సైకిలు తొక్కుతున్నదన్న మాటే గాని ఆమె కాళ్లు గాలిలో ఉన్నాయి. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టిన పిల్ల. పట్నం పోయి కంప్యూటరు కోర్సు చేసి వచ్చింది. రాజేశ్వర్ రావు డాక్టరు తన దవాఖానకు ఉగాదినాడు కంప్యూటరు తెప్పించాడు. దాని వెనకాలే అరుణను కూడా పెట్టుకున్నాడు. అప్పటి నుంచి కార్డులు బంద్. పాత కార్డులన్నీ మూటలు కట్టి అటక మీద వేస్తే, ఈ వానకాలం చెదలు శుభ్రంగా తినేశాయి. ఎవరూ పట్టించుకోలేదు. అన్నీ పెట్టెలో ఉన్నాయి కదా అన్న ధీమా.

ఇవాళ పట్నం నుంచి గుండె డాక్టరు వస్తాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుండె జబ్బు పిల్లలు అరవై మంది దాకా వస్తారు. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికి ఏ మందో, మొదటిసారిగా ఆ పెట్టె చెప్పబోతున్నది. అరుణ రాసిన ప్రోగ్రామే చెప్పబోతున్నది.

దవాఖానలో చీటీలు రాసే కిటికీ ముందు అప్పుడే ములుగు బస్సు దిగిన ముసలమ్మ ఒకామె, మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పిల్లకు కొత్త గౌను, నుదుట నిండా పసుపు, చేతిలో పండగనాడు కొన్న బూర. కిటికీ లోపల రాజమల్లు కూర్చున్నాడు. ఈ దవాఖాన తలుపులు తెరిచిననాటి నుంచి ఉన్న మనిషి. చీటీలు రాయడం, కట్లు కట్టడం, కొట్లాడుకునే వాళ్లను విడదీయడం, అన్నీ ఆయనే.

"పిల్ల పేరేంది అవ్వా?"

"సారలమ్మ."

"నీ పేరు?"

"మొగిలమ్మ."

"మునుపెప్పుడన్న వచ్చిండ్రా?"

"గీ పేరు మీద ఎన్నడు రాలే నాయినా."

"అయితె కొత్త చీటి. గా బల్ల మీద కూసోండ్రి."

పిల్ల అవ్వ చెయ్యి విడిపించుకుని మెట్ల వెనకాల చీకటి మూలకు ఉరికింది. అక్కడి కుండలో నీళ్లు ముంచుకుని తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చింది. అరుణ చూసింది. చూసి, నవ్వి, లోపలికి పోయింది.

కంప్యూటరు గది ముందు చెప్పులు విడవాలి. అది డాక్టరు పెట్టిన కట్టుబాటు. చెప్పులు విడుస్తుండగానే అగరొత్తుల వాసన ముక్కుకు తగిలింది. తలుపు తీసింది.

కంప్యూటరుకు బంతిపూల దండ. అద్దం మీద అడ్డంగా మూడు విభూతి గీతలు, నడుమ కుంకుమ. ముందు పీట మీద రెండు కొబ్బరి చిప్పలు. వాటి పక్కన ఇత్తడి పళ్లెంలో, అక్షింతల నడుమ, రెండు ఫ్లాపీలు.

ఆ కంప్యూటరుకు సొంతంగా గుర్తుండేది ఏమీ లేదు. కరెంటు తీస్తే అన్నీ మరిచిపోతుంది. గుర్తుండాల్సిందంతా ఆ ఫ్లాపీల మీదే ఉంటుంది. చూడటానికి పల్చటి నల్ల అట్ట. దానికున్న సందులోంచి లోపలి గోధుమరంగు బిళ్ల కొంచెం కనిపిస్తుంది. ఆ సందులో వేలు తగలకూడదు, దుమ్ము పడకూడదు. సరిగ్గా ఆ సందులోనే, పసిపిల్ల కంటికి కాటుక దిద్దినంత శ్రద్ధగా, తడి పసుపు పూసి కుంకుమ పెట్టి ఉంది. రెండింటికీ.

"కాకా!"

ఆ కేకకు రాజమల్లు కలం చెవి మీద పెట్టుకునే ఉరికొచ్చాడు.

"ఏందమ్మా, తేలు గిట్ట కుట్టిందా?"

"ఏం జేసినవ్ కాకా? ఫ్లాపీలకు పసుపెందుకు పెట్టినవ్?"

"నిన్న ఆయుధపూజ గద బిడ్డా. నువ్వా, రాకపోతివి. కత్తెర్లకు పెట్టిన, స్ట్రెచరుకు పెట్టిన, జీపుకు నిమ్మకాయలు కట్టిన. దీనికి పెట్టకపోతె అందరు నన్నే అంటరు."

"పెడితె పెడితివి, పెట్టెకు పెట్టరాదా?"

"పెట్టెకు పెట్టిన. మల్ల నువ్వే చెప్పితివి, పెట్టె ఉత్త డొల్ల, పాణమంత గీ పలకలల్లనే ఉన్నదని. పాణం ఉన్నకాడ పెట్టకుంట డొల్లకు పెడితె పూజెట్లయితది?"

ఆ మాట అన్నది నిజంగా తనే. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని రెండింట్లోనూ అవే వివరాలు ఎక్కించి పెట్టింది.

"రెండోదానికన్న ఇడిసిపెట్టకపోతివి."

"ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతె అలుగదా?" అన్నాడు రాజమల్లు. అంటూనే ఆమె ముఖం చూశాడు. గొంతు తగ్గించాడు. "ఏమన్న తప్పయ్యిందా బిడ్డా?"

ఆమెకు ఒక్కటే గుర్తుకొస్తున్నది.

గుండె డాక్టరు చూసే పిల్లలందరిదీ దాదాపు ఒకటే కథ. గొంతు నొప్పితో మొదలై, కీళ్లు వాచి, జ్వరం వచ్చి, చివరికి గుండె కవాటం మీద పడుతుంది. మళ్లీ జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకొక పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. అందరికీ అదే ప్రాణం. ఒక్క పిల్లకు మాత్రం అది పడదు. ఆ పిల్ల వివరాలు అరుణే ఎక్కించింది. "సూది పడదు. చుక్క కూడా వేయరాదు." పెద్ద అక్షరాల్లో కొట్టింది. అట్లా కొట్టిన వేళ్లు ఆమెకు గుర్తున్నాయి. ఆ పిల్ల పేరు గుర్తులేదు. పోయినసారి ఆ సూది వేసిన నర్సు కాన్పుకు పుట్టింటికి పోయింది. ఇప్పుడున్న కమల కొత్తది.

రాజేశ్వర్ రావు డాక్టరు వచ్చాడు. పళ్లెం చూశాడు. దండ చూశాడు. రాజమల్లును చూశాడు. రాజమల్లు గోడలో కలిసిపోదామన్నట్టు నిలబడ్డాడు.

"బాగనే చేసినవయ్యా పండుగ. హారతి గూడ ఇచ్చినవా?"

"ఇచ్చిన సారు."

"సల్లగుండు." ఆయన అరుణ వైపు తిరిగాడు. ఆమె సూది పడని పిల్ల సంగతి చెప్పింది. వినంగానే ఆయన ముఖంలో వెటకారం ఆరిపోయింది.

"ఎవరది?"

"యాదికొస్తలేదు సార్."

"నాకు రోజుకు వందమంది. నాకేం యాదుంటది." "ఇను. నువ్వు తేల్చి చెప్పేదాక పాత పిల్లలెవ్వరికి సూది లేదు. గుండె డాక్టరు సాయంత్రం బండికి పోతడు, ఆయనకు ఊరికె కూసునే తీరిక లేదు. ముందుగాల కొత్తోళ్లను చూస్తడు. వాళ్లకు పాత లెక్కలతోని పనిలేదు గద."

రాజమల్లు కొత్త చీటీల వాళ్లను పిలవడానికి పోయాడు. అరుణ ఫ్లాపీలను చేతిలోకి తీసుకుంది. పట్నంలో ఆమెకు కోర్సు చెప్పిన సారు ఒకనాడు ఫ్లాపీ మీద చాయ్ ఒలకబోసుకున్నాడు. తర్వాత ఆయన చేసింది ఆమె కళ్లారా చూసింది.

"కమలక్కా! సూదిమందుల కలిపే నీళ్ల సీసాలు జరన్ని కావాలె. ఒక కొత్త బ్లేడు కావాలె."

"ఆపరేషనా?" అన్నది కమల.

"గదే అనుకో!"

బల్ల మీద తెల్ల గుడ్డ పరిచారు. అరుణ బ్లేడుతో నల్ల అట్ట అంచు కోసింది. లోపలి బిళ్లను అంచులు పట్టి బయటికి తీసింది. పల్చగా, మెరుస్తూ, గాలికి వణుకుతూ ఉంది. చీటీలు ముగించి వచ్చిన రాజమల్లు వంగి చూశాడు.

"గిదేనా పాణం?"

"గిదే. రెండు చేతులు పట్టు. వేళ్లు తగలొద్దు."

ఆయన అరచేతుల నడుమ బిళ్లను పట్టుకున్నాడు. ఈ దవాఖానలో ఎందరో పసిగుడ్లను తల్లుల చేతికి అందించిన చేతులవి. కమల నీళ్లు ధారగా పోసింది. పసుపు నీళ్లు పళ్లెంలోకి జారాయి. మళ్లీ పోసింది. కుంకుమ పోయింది. ఇంకోసారి పోసింది. రెండో బిళ్లకూ అదే స్నానం. ఫ్యాను కింద ఆరబెట్టి, వాడని ఫ్లాపీల అట్టలు కోసి, వాటి బిళ్లలు తీసి, వీటిని తొడిగారు.

అరుణ మొదటిదాన్ని కంప్యూటరు నోట్లో పెట్టింది. అది గర్రుమన్నది. గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు దగ్గింది. ఆగింది. మళ్లీ గర్రుమన్నది.

"తల్లీ, కాపాడు," అన్నాడు రాజమల్లు.

"కాకా, నువ్వు జర మొక్కుడు బందు పెట్టు."

విభూతి గీతల వెనకాల ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్క వరుసే పైకి లేచాయి. పేర్లు! ఊళ్లతో సహా, అందరి పేర్లు. కమల చప్పట్లు కొట్టింది. అరుణ రెండో ఫ్లాపీ పెట్టింది. అందులో పేర్లు పోయాయి గాని జబ్బులు వచ్చాయి. ఎవరికి ఎన్నాళ్ల నుంచి, ఏ మందు, ఏ డాక్టరు ఏమన్నాడు, అన్నీ. వాటిలోనే ఉంది, పెద్ద అక్షరాల్లో: సూది పడదు. చుక్క కూడా వేయరాదు.

"దొరికింది!"

ఆమె గబగబా ఇంకో మీట నొక్కింది. ఇంకోటి నొక్కింది. వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి.

"ఏమయ్యింది మల్ల?" అన్నది కమల.

"పేర్లు ఒక దిక్కు వచ్చినయ్. రోగాలు ఒక దిక్కు వచ్చినయ్. ఏ పేరుకు ఏ రోగమో చెప్పే నంబర్లు ఉంటయ్ చూడు, అవి రెండిట్ల గూడ పోయినయ్. మా ఇంట్ల మగ్గం మీద నిలువు పోగులు ఉండి అడ్డం పోగు తెగినట్టయ్యింది."

బయటి నుంచి జనం రొద. పిల్లల ఏడుపు, బూర చప్పుడు, ఎవరో ఎవరినో చోటు జరగమని తిట్టడం. అరుణ తలుపు వైపు చూసింది. మూడు వారాలకొకసారి అదే బస్సుల్లో వచ్చి, అవే బల్లల మీద కూర్చుని, ఒకరి పిల్లను ఒకరు ఎత్తుకుని, ఒకరి సద్ది ఒకరు తింటూ ఉండే జనం. ఆమె ఒక్క గంతులో లేచింది.

"కాకా, అద్దం మీద ఉన్నదంత కాయితం మీద కొడతాన్న. బయట ఒక బల్ల ఎయ్యి!"

అప్పటికే వచ్చి కొత్తవాళ్లను చూస్తున్న గుండె డాక్టరు కబురు పెడితే కమల సూది గదికి పోయింది. ప్రింటరు కీచుమంటూ, అంచుల్లో చిల్లులున్న పొడవాటి కాగితాన్ని కక్కింది. దాన్ని మెడలో కండువాలా వేసుకుని అరుణ వాకిట్లో బల్ల ఎక్కి నిలబడింది.

"అందరు జర ఇనుండ్రి! కంప్యూటరు మీ పిల్లల రోగాలు చెప్తాంది గని, ఏది ఎవరిదో మర్చిపోయింది. నేను రోగం చదువుత. ఎవరిదో వాళ్లు చెయ్యి లేపుండ్రి."

"గిది గూడ మన లెక్కనే, మతిమరుపు మిషను," అన్నాడు హసన్‌పర్తి నుంచి వచ్చిన ఉప్పలయ్య. జనం నవ్వారు.

"మోకాళ్ల వాపు. ఎడమ చెవి కారుతది. సూది నడుస్తాంది."

"చెవి కారేది మా పోరనికి!" అన్నాడు ఉప్పలయ్యే.

"పోరనికే కాదు, తండ్రికి గూడ కారుతది. ఇంట్లకెల్లి పిలిస్తె పలుకడు," అన్నది వెనకాల నుంచి ఆయన భార్య. మళ్లీ నవ్వులు.

పేరు పక్కన జబ్బు చేరింది. ఒకటి. అరుణ కలంతో గీత గీసింది. రెండు కొసలు కలిసి ముడిపడ్డట్టు ఆమె ఒళ్లు పులకరించింది. ఇంకోటి చదివింది.

"మెట్లెక్కితె ఆయాసం. రాత్రి దగ్గు. వయసు రాసిలేదు."

"మాదే తల్లీ, మా బిడ్డదే," అన్నది ఒక చిన్న వయసు ఆడమనిషి. "మూడు జాతర్ల పిల్ల."

"మేడారం జాతర రెండేండ్లకొకసారి. అంటె ఆరేండ్లు. తండ్రి పేరు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు ఎట్లా చెబుతుంది! పక్కనున్న వాళ్లను మోచేత్తో పొడిచింది.

"యాకయ్య!" అని నలుగురు ఒక్కసారే అరిచారు.

"యాకయ్యలు ముగ్గురున్నరు. ఏ ఊరు?"

"ఎడ్ల బేరం చేసే యాకయ్య!"

"ఎప్పుడు చూసినా బాకీలు చేసేటోడు!"

"మీ నోట్లల్ల మన్ను పడ, ఊరు అడిగితె బాకీలు చెప్తారా," అన్నది ఆమె, నవ్వు ఆపుకోలేక.

ఊరు తేలింది, గీత పడింది. ఆ తర్వాత అరుణ చదవడమే ఆలస్యం. వాకిలి వాకిలంతా పనిలో దిగింది. "గది కాదు, మీ వాడికి కుడికాలు, మా వాడికి ఎడమకాలు." "పోయినసారి ఇంగో గీ మూలకు వాంతి చేసుకున్నది ఎవలు? గా పిల్లగాడే!" "నా బిడ్డ రోగం ఆమె బిడ్డకు రాసినవ్, తియ్యి తియ్యి, మాది మాకు కావాలె!" జబ్బు కోసం కూడా జనం ఇట్లా పోట్లాడతారని అరుణకు ఎన్నడూ తెలియదు. ఆమె గొంతు బొంగురుపోయింది. జుట్టు ఊడిపోయింది. రాజమల్లు పక్కన నిలబడి తేలిన పేర్లను గట్టిగా మళ్లీ చెబుతున్నాడు, వేలంపాటలో మూడోసారి అరిచినట్టు.

ఎండ మెట్ల మీదికి ఎక్కేసరికి కాగితం నిండా గీతలే. మిగిలింది ఒక్క జబ్బు, ఒక్క పేరు.

జబ్బు, అదే. సూది పడదు.

అంటే దొరికినట్టే! ఒక్క పేరే కదా.

"రమ! ములుగు అవతల నుంచి. రమ ఎవరు?"

వాకిలి మూగపోయింది.

అప్పటిదాకా గుక్క తిప్పుకోకుండా అరిచిన జనం. ములుగు బస్సులో వచ్చిన వాళ్లు తలలు వంచుకున్నారు. ఒకాయన చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు. ఒకామె లేని దుమ్మును కొంగు నుంచి దులుపుకుంది.

"రమ రాలేదా? తెల్వదా మీకు?"

"అమ్మా, గా పేరు..." అన్నాడు ఒక ముసలాయన. ఆగాడు. "గా పేరు ఇప్పుడు లేదు."

"లేదంటె? సచ్చిపోయిందా?"

"ఛీఛీ, గా మాటేందమ్మా! పిల్ల మంచిగనే ఉన్నది. పేరు లేదు. పోయిన నెలల మేడారం గద్దెల కాడికి పోయి, పిల్లను అమ్మకు చూపించి, అమ్మ పేరు పెట్టుకచ్చిండ్రు. పాత పేరుతోనే రోగం గూడ ఆడనే ఇడిసిపెట్టిండ్రు. మల్ల గా పేరు పిలిస్తె రోగం ఎనుకకు చూస్తది. మేమనం. నువ్వు గూడ అనకు."

అమ్మ పేరు. సారలమ్మ.

కిటికీ ముందు పసుపు నుదురు. గీ పేరు మీద ఎన్నడు రాలే నాయినా. కొత్త చీటి. దవాఖానకు కొత్తగా వచ్చిన పిల్ల మెట్ల వెనకాల చీకట్లో ఉన్న నీళ్ల కుండ దగ్గరికి తిన్నగా ఎట్లా ఉరికింది?

కొత్తోళ్లను ముందుగాల చూస్తడు.

అరుణ బల్ల మీది నుంచి దూకింది. కాగితం మెడ నుంచి జారి కాళ్లకు చుట్టుకుంటే తన్నేసింది. వసారా, మందుల గది, గుండె డాక్టరు గది, అవతల సూది గది. ఎవరి గిన్నెనో తన్నింది, ఎవరో తిట్టారు. తలుపు తోసింది.

పిల్ల బల్ల మీద కూర్చుని ఉంది. మోచేతి కింద కమల దూదితో తుడిచిన చోటు తడిగా మెరుస్తున్నది. కమల రెండో చేతిలో చిన్న సూది. ముందుగా ఒక చుక్క వేసి చూడటానికి.

"ఆపక్కా!"

కమల చెయ్యి గాలిలో నిలిచిపోయింది.

"వెయ్యకు. గీ పిల్లే."

"ఎవరు? గీమె కొత్త పేషెంటు గద..."

"కొత్త కాదు. పేరే కొత్త."

కమల సూదిని పళ్లెంలో పెట్టింది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

మొగిలమ్మ ముఖం మాత్రం ఎర్రబడింది.

"ఏందే పిల్లా, శుభమాని సూదికి వస్తె అడ్డం పడ్డవ్? అందరి పోరగాండ్లు సూదేసుకుని కుందేళ్ల లెక్క ఉరుకుతాండ్రు. మా పిల్ల ఒక్కతే రోజుకు రెండుపూటల మాత్రలు మింగుడా? మాత్రలు అయిపోతె గా ములుగుల దొరకవాయె."

అనేసి నాలుక కరుచుకుంది. అరుణ ఆమె ముందు కింద కూర్చుంది.

"అవ్వా, గా పేరు నువ్వు అనకు. నేను అనను. నేనడిగిన దానికి తల ఊపు, చాలు. పోయినసారి చుక్క వేస్తె పెదవులు ఉబ్బినయా?"

మొగిలమ్మ గోడ వైపు చూసింది.

"ఊపిరి ఆడకపాయెనా?"

ముసలామె తల కొంచెమే కదిలింది. కళ్లలో నీళ్లు నిండాయి. "గది గా పేరుగల్ల పిల్లకు బిడ్డా. గీమె అమ్మ పేరుది. అమ్మ పేరు పెట్టుకున్న పిల్లకు సూదెందుకు పడది? అమ్మ చూసుకోదా? వచ్చే మాఘంల జాతరకు పిల్లెత్తు బంగారం తూకం వేస్తనని మొక్కిన."

బంగారమంటే అక్కడ బెల్లం. అరుణకు తెలుసు. తనకూ చిన్నప్పుడు తూచారు, కొత్తవాడ నుంచి బండి కట్టుకుని పోయి. ఆమెకు ఆ మొక్కును కాదనాలని లేదు. కాదంటే ముసలామె పిల్లను తీసుకుని ఇంకో దవాఖానకు పోతుంది, అక్కడ కూడా కొత్త చీటీ రాయిస్తుంది. అప్పుడు తలుపు తోయడానికి ఎవరూ ఉండరు.

"అవ్వా, అమ్మ చూసుకుంటది. నేను కాదంటానా? మరి అమ్మకు చెప్పినవా?"

"ఏం చెప్పాలె?"

"రోగం ఇడిసిపెట్టుకచ్చిండ్రు, మంచిదే. సూది పడదన్న సంగతి గూడ ఆడనే ఇడిసిపెట్టుకచ్చిండ్రు. గది రోగం కాదు అవ్వా, కాపలా. అమ్మ పేరు పక్కన గది లేకపోతె, సూది పట్టుకున్నోళ్లకు ఎట్ల తెలుస్తది? చూడు, ఇప్పుడు ఎంత పనయ్యిందో."

మొగిలమ్మ పళ్లెంలో పడి ఉన్న సూదిని చూసింది. మనవరాలి మోచేతి మీద ఆరిపోతున్న తడిని బొటనవేలితో రుద్దింది, అది ఆనవాలు లేకుండా పోవాలన్నట్టు.

"మరి గా పేరు? నీ డబ్బాల ఉన్నదట గద. ఉన్నన్నాళ్లు రోగానికి ఇల్లు తెలిసినట్టే గద."

అరుణకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"రా, తీసేద్దాం. నువ్వే తియ్యి."

చెప్పులు విడిచి ముసలామె గదిలోకి వచ్చింది. దండ వేసి బొట్టు పెట్టిన పెట్టెను చూడగానే ఆమె భయం సగం పోయింది, చేతులు జోడించింది. తలుపు దగ్గర రాజమల్లు ముఖం వెలిగింది. ఆయన అరుణ వైపు ఒకసారి చూశాడు, అంతే.

అరుణ కొత్త వరుస తెరిచింది. సారలమ్మ. అవ్వ పేరు మొగిలమ్మ. ములుగు అవతల. సూది పడదు, చుక్క కూడా వేయరాదు. మాత్రలు. ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతూ కొట్టింది. పిల్ల పక్కనే నిలబడి తన పేరు ఆకుపచ్చగా పుట్టుకు రావడం చూసి ఎగిరింది.

"గీడ! గీడ నేనున్న!"

తర్వాత అరుణ పాత వరుస దగ్గరికి పోయింది. అది చదవలేదు.

"ఇగో అవ్వా, గీ మీట."

మొగిలమ్మ వేలు కొంగుకు తుడుచుకుంది. పసుపు మరక ఇంకా పోని ఆ వేలితో మీట మీద ఒత్తింది. పొయ్యి మీద పాలను చూస్తున్నంత శ్రద్ధగా అద్దం వైపు చూసింది. వరుస ఉంది. అంతలోనే లేదు.

"పోయిందా?"

"పోయింది."

"ఎనుకకు రాదు గద?"

"రాదు."

ముసలామె ఊపిరి విడిచింది. నెత్తి మీది పిడకల మూట దించుకున్నప్పుడు విడిచే ఊపిరి అది.

ఇంక దవాఖాన పట్టపగ్గాల్లేకుండా సాగింది. కంప్యూటరు పేర్లు చెబుతుంటే రాజమల్లు వాకిట్లో అరిచాడు. గుండె డాక్టరు చూశాడు. కమల సూదులు వేసింది. వరసగా పిల్లల ఏడుపులు, వాటిని మించి తండ్రుల బుజ్జగింపులు. సూది పడ్డ ప్రతి పిల్ల ఏడ్చుకుంటూ బయటికి వస్తే, సారలమ్మ ఒక్కతే ఎదురుపోయి బూర ఊది నవ్వించింది. ఆమెకు మాత్రలు గుండె డాక్టరే డబ్బాలకు డబ్బాలు ఇప్పించాడు. ఇకనుంచి అవి దవాఖానలోనే దొరికేటట్టు చూస్తానని రాజేశ్వర్ రావు మాట ఇచ్చాడు.

గుండె డాక్టరు రిక్షా ఎక్కి కాజీపేట స్టేషనుకు పోయాడు. ఒక్కొక్క బస్సు జనాన్ని ఎత్తుకుపోయింది. ములుగు బస్సుకు ఇంకా పొద్దు ఉంది. అప్పుడు తెలిసింది అందరికీ, పొద్దుటి నుంచి ఎవరూ మెతుకు ముట్టలేదని.

అరుణ కంప్యూటరు గదిలోంచి తండ్రి నేసిన జంపఖానా తెచ్చి వసారాలో పరిచింది. మొగిలమ్మ సద్దిమూట విప్పింది. నిన్నటి గారెలు, గిన్నెలో మటన్ కూర. అరుణ టిఫిను డబ్బాలో అన్నం, పచ్చిపులుసు. కమల ఉల్లిగడ్డ కోసుకొచ్చింది. రాజమల్లు పూజకు కొట్టిన కొబ్బరి చిప్పలు పట్టుకుని వచ్చి, పెట్టాలా వద్దా అన్నట్టు నిలబడితే, అరుణ చేతిలోంచి తీసుకుని నడుమ పెట్టింది. రాజేశ్వర్ రావు డాక్టరు తన గది తలుపులో కాసేపు నిలబడ్డాడు. తర్వాత బూట్లు విప్పి, జంపఖానా అంచున వచ్చి కూర్చున్నాడు. కమల ఆయన ముందు ఒక ఆకు వేసింది.

పొద్దంతా అరిచిన గొంతులు మింగడానికే పనికొచ్చాయి. సారలమ్మ బూరను తొడ కింద దాచుకుని, రెండు చేతులతో కూరలోని బొక్క పట్టుకుని మూలుగ పీలుస్తున్నది. మొగిలమ్మ అడగకుండానే అరుణ అన్నంలో ఇంకో గారె వేసింది. అరుణ దాన్ని విరిచి కూరలో అద్దుకుంది.